వరాళి దగ్గర సన్నబడిన గొంతులు

*ఉద్యోగాలు, వంటిళ్లు, పిల్లల చదువుల మధ్య నుంచి పాట దగ్గరికి వచ్చేవాళ్లకు కృష్ణా తీరంలో కొదవ లేదు. ఉత్సాహమూ ఉంది, చెప్పే మాష్టార్లూ ఉన్నారు. కానీ జనవరిలో మొదలైన సాధన శివరాత్రికల్లా ఎందుకు చల్లబడుతోంది?*

పుష్య బహుళ పంచమి. త్యాగరాజ ఆరాధన రోజు. బెజవాడ సత్యనారాయణపురంలో ఒక కల్యాణ మండపం. పొద్దున్న తొమ్మిదికల్లా జంపఖానాలు పరిచేసి, త్యాగరాజస్వామి పటానికి కనకాంబరాల దండ వేసేశారు. ఒక పక్క పట్టుచీరలు, ఇంకో పక్క ఉత్తరీయాలు, నడుమ వయొలిన్లు, మృదంగాలు. పంచరత్నాల్లో మొదటిది, నాట రాగ కీర్తన ఎత్తుకోగానే హాలు దద్దరిల్లింది. గౌళకూ అదే ఊపు. ఆరభికి ఇంకాస్త హుషారు వచ్చింది. స్వరం పాడుతున్నప్పుడు కొందరు పుస్తకంలో వేలు పెట్టి వెతుక్కున్నా, పల్లవి దగ్గరికి రాగానే అందరూ కలిసిపోతున్నారు.

నాలుగోది వరాళి.

ముందు వరసలోని టీచర్లు, వాళ్ల దగ్గర పాఠం అయిన పిల్లలు తప్ప మిగతా హాలంతా సన్నబడిపోయింది. పెదవులు కదులుతున్నాయి. తొడల మీద తాళం నడుస్తోంది. గొంతు మాత్రం బయటికి రావడం లేదు. మూడో వరసలో ఒకావిడ ఫోనులో పీడీఎఫ్‌ని పెద్దది చేసుకుంటూ, అక్షరాలు కనబడ్డాక చరణం దాటిపోయిందని గ్రహించి, మళ్లీ మొదటి పేజీకి వెళ్లింది. అయిదోది శ్రీరాగం మొదలైందో లేదో, హాలు మళ్లీ లేచింది. ఆ కీర్తన రానివాళ్లు లేరు.

తర్వాత పులిహోర పొట్లాల దగ్గర ఒక పెద్దాయన, ముప్పయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్న మాష్టారు, తన శిష్యురాళ్లను పట్టుకున్నారు.

"ఏమ్మా, వరాళి రాగానే అందరూ మౌనవ్రతం పట్టారేం?"

"కిందటేడే అనుకున్నాం మాష్టారూ, ఈసారికి నేర్చేసుకోవాలని. ఏడాది ఎటు పోయిందో తెలీలేదు."

"ఏడాది ఎటూ పోలేదమ్మా. మీరే వరాళికి తేదీ పెట్టుకోలేదు."

ఆ హాల్లో సంగీతం మీద బతికేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లు బ్యాంకు ఉద్యోగులు, స్కూలు టీచర్లు, ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్లు, మందుల షాపు నడిపేవాళ్లు, పిల్లలు విదేశాలకు వెళ్లాక ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతులు. కరోనా రోజుల్లో పాఠాలు ఆన్‌లైన్‌కు మారాక ఇలాంటి పెద్ద విద్యార్థులకు దారి తేలికైంది. తెల్లారి ఆరింటికి బెజవాడలో మాష్టారు ల్యాప్‌టాప్ ముందు శ్రుతి పెట్టుకుంటే, అమెరికా తూర్పు తీరంలో చలికాలమైతే ముందురోజు రాత్రి ఏడున్నర. అక్కడ ఆఫీసు ముగించుకున్న కోడలూ, ఇక్కడ కాఫీ తాగి కూర్చున్న అత్తగారూ ఒకే పాఠంలో ఉన్న ఇళ్లున్నాయి. నేర్చుకోవడానికి మార్గం దొరికింది. నేర్చుకున్నది ఎక్కడిదాకా రావాలో తేల్చుకోవడమే మిగిలింది. పిల్లలకైతే ఆ బాధ లేదు, టీచరు చూసుకుంటారు. నలభై దాటినవాళ్ల సాధనకు మాత్రం పొద్దున్నే లేపేవాళ్లు ఉండరు, తిట్టేవాళ్లూ ఉండరు.

ఈ ఊరు పెట్టిన పరీక్షలు

బెజవాడకు పాట కొత్త కాదు. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారి ఇంట్లో పాఠం చెప్పుకున్నవాళ్లలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఉన్నారు, 2021లో పద్మశ్రీ అందుకున్న వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి ఉన్నారు. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది. తర్వాత ప్రభుత్వ సంగీత కళాశాల వచ్చింది. దాని తొలి ప్రిన్సిపాల్ బాలమురళి. ఇప్పుడు దానికి ఘంటసాల పేరుంది.

ఈ చరిత్రను సాధారణంగా మహామహుల కథగానే చెప్పుకుంటాం. ఇందులో మామూలు మనుషుల కథ ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో పక్కా ఉద్యోగం చేసుకుంటూ పాడుకునేవాడి ముందు ఈ ఊరు కొన్ని గుమ్మాలు పెట్టింది. ఆరాధనకు అయిదు కీర్తనలు రావాలి. కళాశాలలో చేరితే నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపై రెండేళ్ల డిప్లొమా, ఏటా పరీక్ష. రేడియో ఆడిషన్‌కు వెళితే బి గ్రేడ్ వస్తుందో రాదో తేలిపోతుంది. గుమస్తాగిరీ చేసుకుంటూ ఏళ్ల తరబడి ఆ బి గ్రేడ్ కోసం సాధన చేసినవాళ్లు, వచ్చాక వీధి వీధంతా మిఠాయి పంచినవాళ్లు మన పాత పేటల్లో కనబడేవాళ్లు. ఓలేటి వెంకటేశ్వర్లు లాంటి విద్వాంసుల సంగీత శిక్షణ పాఠాలు రేడియోలో వస్తుంటే నోటు పుస్తకంలో స్వరాలు రాసుకున్న ఇల్లాళ్లూ ఉన్నారు. వచ్చే వారం పాఠం ముందుకు పోతుంది కాబట్టి ఈ వారం పాఠం రావాల్సిందే. గడువు రేడియోయే పెట్టింది.

ఇప్పుడు ఆ గుమ్మాల్లో ఆరాధన తప్ప మిగతావి మామూలు జనం కంట పడటం లేదు. వాటి స్థానంలో ఫోను వచ్చింది. నిమిషం నిడివి రీలు, కింద పది లవ్ సింబళ్లు. రీలు చేయడంలో తప్పు లేదు, పైగా అదీ ఒక రికార్డింగే. కాకపోతే నిమిషానికి సరిపోయే పల్లవి మాత్రమే నేర్చుకుని, అనుపల్లవి గడప తొక్కని గాయకులు తయారవుతున్నారు. పాతిక పల్లవులు తెలిసి, ఒక్క కీర్తన మొదలంటా పాడలేకపోవడం మనకాలపు విద్య.

> అయిదు రత్నాలు
>
> త్యాగరాజ పంచరత్నాలు వరసగా నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో ఉంటాయి. అయిదూ ఆది తాళమే. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. వరాళి రాగాన్ని గురువు శిష్యుడికి నేరుగా నేర్పితే ఇద్దరికీ చెడుతుందని ఒక పాత నమ్మకం. విని పట్టుకోవాలంటారు. గోష్ఠిలో వరాళి రాకపోతే చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి సాకు ఎక్కడ దొరుకుతుంది! త్యాగరాజు 1847లో పుష్య బహుళ పంచమి నాడు పరమపదించారు. ఆరాధన తిథి అదే.

అయిదున్నర దిగి నాలుగున్నరకు

గోష్ఠిలో ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్ల కథలు అడిగితే పేర్లు మారతాయి గానీ వరస మారదు. ఎనిమిదో ఏట సరళీ స్వరాలు, పదో తరగతికి వర్ణాలు, ఇంటర్‌లో నాలుగైదు కీర్తనలు, పెళ్లిచూపుల్లో ఒక పాట, ఆ తర్వాత ఏమీ లేదు. వీణ ఉంటే అటక ఎక్కింది, లేదా ఆడపడుచు కూతురికి వెళ్లింది. ముప్పయ్యేళ్ల తర్వాత, కొడుకు ఉద్యోగంలో చేరి కూతురు పెళ్లై వెళ్లాక, మధ్యాహ్నం మూడింటికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే మళ్లీ గొంతు సవరించుకున్నారు.

ఇలా తిరిగొచ్చినవాళ్లకు మొదటి దెబ్బ శ్రుతి దగ్గర తగులుతుంది. చిన్నప్పుడు అయిదున్నర శ్రుతికి పాడిన గొంతు ఇప్పుడు తారస్థాయి షడ్జం దగ్గరే కీచుమంటుంది. పటమటలో ఉండే ఒకావిడ ఆరు నెలలు అయిదున్నరతోనే కుస్తీ పట్టారు. రోజూ గొంతు బొంగురుపోయేది, రోజూ ఉప్పునీళ్లు పుక్కిలించేవారు. చివరికి టీచరమ్మ ఏమీ చెప్పకుండా తంబూరా యాప్‌ని నాలుగున్నరకు దించి, "ఇప్పుడు పాడండి" అన్నారట. "మొదట కళ్లనీళ్లు తిరిగాయండీ, నా గొంతు పోయిందని. నెల తిరిగేసరికి కింద మంద్రంలో పంచమం పలుకుతోంది. చిన్నప్పుడు అది నాకు ఉండేదే కాదు" అని ఆవిడే చెప్పుకొచ్చారు.

తిరిగొచ్చేవాళ్ల లక్ష్యాల్లో సగం ఇలా దారి తప్పుతాయి. పదిహేనేళ్ల పిల్లగా ఆపేసిన చోటు నుంచి మొదలుపెట్టాలనుకుంటారు. ఆ పిల్ల ఇప్పుడు లేదు. ఉన్న గొంతుకు, ఉన్న వేళ్లకు, రోజులో దొరికే అరగంటకు సరిపోయే చోటు నుంచే మొదలుపెట్టుకోవాలి. వర్ణాలు వచ్చినవాళ్లు అలంకారాలకు దిగిరావడం నామోషీగా అనిపిస్తుంది. కానీ ఆ మెట్టు దిగినవాళ్లే నిలబడ్డారని చాలామంది టీచర్లు చెబుతారు, నాకూ అదే కనబడింది.

పదివేల గంటల భయం

పెద్దయ్యాక నేర్చుకునేవాళ్లను హడలగొట్టే అంకె ఒకటుంది. 1993లో ఆండర్స్ ఎరిక్సన్, మరో ఇద్దరు పరిశోధకులు బెర్లిన్‌లో సంగీత విద్యార్థులను పరిశీలించారు. అందరిలోకీ మేటి అనిపించుకున్న వయొలిన్ విద్యార్థులు ఇరవయ్యేళ్లు వచ్చేసరికి సగటున పదివేల గంటలకు పైగా ఒంటరిగా సాధన చేశారని తేలింది. 2008లో మాల్కమ్ గ్లాడ్‌వెల్ రాసిన పుస్తకంతో ఆ అంకె లోకమంతా పాకింది. ఇది సూత్రం కాదు, సగటు మాత్రమేనని ఎరిక్సన్ తర్వాత మొత్తుకున్నా వినేవాళ్లు తక్కువ.

రోజుకు అరగంట దొరికే మనిషి లెక్కేసుకుంటే ఏడాదికి సుమారు 182 గంటలు. పదివేలకు దాదాపు 55 ఏళ్లు. యాభయ్యో ఏట మొదలుపెట్టినవాడు నూట అయిదో ఏట కచేరీ చేయాలి! కాబట్టి ఆ లెక్కను అటక మీద పెట్టేయడం ఆరోగ్యం. ఎరిక్సన్ పరిశీలనలో మనకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి. ఆ మేటి విద్యార్థులు ఏకబిగిన గంటల కొద్దీ వాయించలేదు. విడతలు విడతలుగా, మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ, రాని చోటు మీదే ధ్యాస పెట్టి సాధన చేశారు. మధ్యాహ్నం కునుకు కూడా తీశారు. ఆ ఒక్క విషయంలో బెజవాడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంకో భయం ఇంటింటికీ తెలిసిందే. బాలమురళి ఎనిమిదో ఏట త్యాగరాజ ఆరాధనలో పూర్తి కచేరీ చేశారు. ఆ ప్రజ్ఞ చూసి ఆయన పేరుకు ముందు 'బాల' చేర్చింది హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణ మూర్తి భాగవతార్. పదిహేనేళ్లకే 72 మేళకర్తలు ఆయనకు స్వాధీనం. ఈ కథ చెప్పి పిల్లల్ని ఉత్సాహపరుద్దామనుకుంటాం. యాభై ఏళ్ల గుమస్తాకు అదే కథ చెబితే హార్మోనియం పెట్టె మూసేస్తాడు. మహానుభావుల బాల్యం వినడానికి బాగుంటుంది. దాన్ని మన దినచర్యకు కొలబద్ద చేసుకోకూడదు.

ఎక్కడిదాకా?

మన సంగీతం లక్ష్యాలు ముందే పేర్చి పెట్టింది. పురందరదాసు పేరు మీద వచ్చే క్రమంలో మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, ఏడు తాళాల అలంకారాలు, తర్వాత మలహరి గీతాలు, బిలహరి స్వరజతి, వర్ణాలు, ఆపైన కీర్తనలు. ప్రతిదానికీ మూడు కాలాలు. ఒక మెట్టు దాటితే ఇంకో మెట్టు. ఆ క్రమం గురువు ఇంట్లో ఉండి నేర్చుకునే పిల్లవాడి కోసం పుట్టింది. పొద్దున్న ఎనిమిదింటికి బస్సెక్కాల్సిన మనిషి అందులోంచి తనకు సరిపడే ముక్క కోసుకోవాలి. అక్కడే చాలామంది తికమకపడతారు. "ఈ ఏడాది బాగా సాధన చేయాలి" అంటే ఏం చేసినట్టు? ఎప్పుడు అయిపోయినట్టు?

"వర్ణాలు బాగా రావాలి" అనుకున్న మనిషి మూడో వారానికి చతికిలబడతాడు. "సంక్రాంతికల్లా మోహన వర్ణం ముక్తాయి స్వరం దాకా, రెండు కాలాల్లో, ఆగకుండా, మాష్టారి ముందు" అనుకున్న మనిషికి ఈ పొద్దున ఏం చేయాలో తెలుసు. ఎక్కడ మొదలు, ఎక్కడ చివర, ఎప్పటికి, ఎవరు వింటారు అన్నవి తేలితే చాలు. వినే మనిషి లేకపోతే గడువు జారిపోతుంది. ఇది నేను ఎంతమందిలో చూశానో! కూతురు వీడియో కాల్‌లో వింటానంటే ఆ ఆదివారానికి సంగతి పడి తీరుతుంది.

సాధన ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూడాలంటే గవర్నరుపేటలో ఒక బ్యాంకు అధికారిణి ఇంటికి వెళ్లాలి. పొద్దున్న అయిదున్నరకు ఆవిడ ముందు ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిలు, ఫోను. మొదటి నాలుగైదు నిమిషాలు షడ్జం, పంచమం, మళ్లీ షడ్జం, ఇంకేమీ లేదు. తర్వాత నిన్న పెన్సిలుతో సున్నా చుట్టిన చోటు తీస్తారు. కల్యాణి కీర్తనలో ఒక్క సంగతి, తాళంలో సగం ఆవర్తం కూడా ఉండదు. దాన్ని స్వరంగా పాడతారు, తర్వాత అకారంగా, ఆ తర్వాతే సాహిత్యంతో. వేగం సగానికి తగ్గించి. ఫోనులో రికార్డు చేసి వింటారు. విన్నాక ముఖం చిట్లించి, "నిషాదం దగ్గర జారిపోతోంది" అని పుస్తకంలో రాస్తారు. పది నిమిషాలు ఇంతే. చివరి అయిదు నిమిషాలు మాత్రం కీర్తన మొత్తం, తప్పులొచ్చినా ఆగకుండా. అది తనకోసం పాడుకోవడమట. ఆరింటికి పాలప్యాకెట్ గంట మోగుతుంది, సాధన అయిపోతుంది.

ఈ పద్ధతిలో కష్టమైనది ఆ రికార్డింగు వినడమే. మొదట్లో ఎవరి గొంతు వాళ్లకే అసహ్యమేస్తుంది. చాలామంది అక్కడే మానేస్తారు కూడా. కానీ శ్రుతి తప్పినప్పుడు ఫోను మొహమాటపడదు. పెద్దవాళ్లకు పాఠం చెప్పే మాష్టార్లకు ఆ మొహమాటమే పెద్ద సమస్య. వయసులో తనకన్నా పెద్దాయన్ని, పైగా పొద్దున్నే కారేసుకుని వచ్చినాయన్ని, "మళ్లీ జంట స్వరాలు పాడండి" అనడానికి ఎంత మాష్టారికైనా నోరు పెగలదు.

> ఇంటి చుట్టూ లయ
>
> అమెరికాలో కెంటకీ, నార్త్ కరోలినా కొండ పల్లెల నుంచి వచ్చిన బ్లూగ్రాస్ సంగీతంలో బాంజోను మూడు వేళ్లతో మీటే శైలికి మారుపేరు ఎర్ల్ స్క్రగ్స్. చిన్నప్పుడు ఆయన, అన్న హొరేస్ ఒక ఆట ఆడేవారు. ఇద్దరూ ఒకే పాట ఒకేసారి మొదలుపెట్టి, వీపులు తిప్పుకుని ఇంటి చుట్టూ చెరోవైపు నడిచేవారు. ఇంటి వెనకాల ఎదురుపడేసరికి ఇద్దరి పాటా ఒకేచోట ఉందా లేదా అన్నదే పరీక్ష. 1945 చివర్లో బ్లూగ్రాస్‌కు ఆద్యుడైన బిల్ మన్రో బృందంలో చేరేసరికి స్క్రగ్స్‌కు నిండా ఇరవై రెండేళ్లు లేవు. ఈ పరీక్ష మన మృదంగం మాష్టార్లెవరైనా చూస్తే రేపే పిల్లలచేత చేయిస్తారు.

ఇందుపల్లి నుంచి ఉప్పలూరు దాకా

సాధనకు గది, సమయం, శ్రుతి అన్నీ అమరాలనేది ఇంకో అపోహ. గుడివాడ నుంచి బెజవాడకు రోజూ రైల్లో వచ్చే ఉద్యోగి ఒకాయన మృదంగం నేర్చుకుంటున్నారు. ఇంట్లో చిన్న పాప నిద్రలేస్తుందని వాద్యం మీద చేయి వేసేది ఆదివారమే. మిగతా రోజులు ఆయన మృదంగం ఆయన బ్యాగే. గుడివాడలో కిటికీ పక్క సీటు దొరికితే ఆది తాళంలో పాఠం నోటితో మొదటి కాలం. ఇందుపల్లి దాటాక రెండో కాలం, తరిగొప్పుల మీదుగా ఉప్పలూరు వచ్చేదాకా. నిడమానూరు నుంచి జనం కిక్కిరిసిపోతారు, అక్కడి నుంచి వేళ్లతో లెక్క మాత్రమే. "సిగ్నల్ కోసం రామవరప్పాడు అవతల బండి ఆగితే అందరూ రైల్వేవాళ్లను తిడతారండీ. నాకైతే మూడో కాలం ప్రయత్నించే అవకాశం అది" అంటారాయన.

నోటితో పాఠం చెప్పుకోవడం మన లయవిద్యలో పాత పద్ధతే. కొత్తగా ఆయన చేసిందల్లా దానికి స్టేషన్లు కేటాయించుకోవడం.

ఎండ, మైనం, పక్కింటివాళ్లు

అడ్డంకులు కూడా ఈ ఊరివే. వీణ నేర్చుకునేవాళ్లకు ఏప్రిల్, మే నెలలు గడ్డుకాలం. వీణ మీద 24 మెట్లనూ మైనంలోనే కూర్చోబెడతారు. బెజవాడ ఎండకు రేకుల కప్పు కింద ఉన్న గదిలో ఆ మైనం మెత్తబడి మెట్టు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. దాన్ని సరిచేసే చేయి దొరకాలంటే పనసకొయ్య వీణలకు పేరుపడ్డ నూజివీడు వైపు చూడాలి. వయొలిన్‌కు వానాకాలం తంటా, తేమకు బిరడాలు బిగుసుకుంటాయి. వేసవిని కొత్త పాఠాలకు కాకుండా పాత పాఠాలు నెమరువేసుకోవడానికి వదిలేసే టీచర్లు తెలివైనవాళ్లు. లక్ష్యం పెట్టుకునేటప్పుడు పంచాంగంతో పాటు ఎండ కూడా చూసుకోవాలి.

ఇక అపార్ట్‌మెంట్లు. పొద్దున్న అయిదింటికి పై ఫ్లాట్‌లో వయొలిన్ మీద సరళీ స్వరాలు మొదలైతే కింద ఫ్లాట్ వాళ్ల సంగీతాభిమానం నెల రోజులు కూడా నిలవదు. వయొలిన్‌కు రబ్బరు మ్యూట్ పెట్టుకుంటారు, పాడేవాళ్లు కిటికీలు మూసుకుంటారు. మొగల్రాజపురంలో ఒకాయన కారులో కూర్చుని అద్దాలు ఎక్కించి సాధన చేసి వస్తారు. వాచ్‌మన్ ఒకటి రెండుసార్లు అద్దం కొట్టి "ఒంట్లో బాలేదా సార్?" అని అడిగాడట.

> నాలుగు తీగెలు తీసేయ్!
>
> బ్లూగ్రాస్‌కు ఆద్యుడు బిల్ మన్రో 1911లో కెంటకీలోని రోజీన్‌లో పుట్టాడు. అన్నలు ఫిడేలు, గిటారు పుచ్చుకుంటే తమ్ముడికి మిగిలింది మాండలిన్. ఎనిమిది తీగెలతో మరీ గట్టిగా మోగుతోందని అన్నలు నాలుగు తీయించారని చెబుతారు. అదే వాద్యం పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతికి వచ్చింది. ఆయన జంట తీగెలు తనంతట తానే వదిలేసి, ఒంటి తీగెల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. 1978లో శ్రీనివాస్ తొలి కచేరీ జరిగింది మన గుడివాడలోనే, త్యాగరాజ ఆరాధనలో. అదే ఏడాది అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లోనూ ఆరాధన ఉత్సవం మొదలైంది.

వేదిక ఎక్కాల్సిందేనా?

మన్రో దేశంలో వారాంతాల్లో ఔత్సాహికులు గుండ్రంగా చేరి వాయించుకుంటారు. పాట తిరుగుతూ ఉంటుంది, ఒక్కొక్కరికీ ఒక్కో వంతు. కొత్తవాడు వెనక నిలబడి లయ పట్టుకుంటే చాలు, తన వంతు వస్తే వద్దని తలూపొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడ సాధనకు లక్ష్యం చాలామందికి ఆ వంతును వదులుకోకుండా వాయించగలగడమే. టికెట్ కొనే ప్రేక్షకులు ఉండరు.

మనకు అలాంటివి లేవా అంటే ఉన్నాయి, కాకపోతే సంగీతం క్లాసుల్లో వాటి మాట ఎత్తరు. కృష్ణా డెల్టా పల్లెల్లో కాలువకు నీళ్లొచ్చి నాట్లు పడితే భజన మండలి చెదిరిపోతుంది. కార్తీకంలో దీపాలతో మళ్లీ మెల్లగా చేరుతుంది. కోతలైపోయి ధనుర్మాసం వచ్చేసరికి రామాలయంలో రోజూ తాళాలు మోగుతాయి. ఈ మధ్య ఆడవాళ్ల కోలాటం బృందాలు కూడా ఊరూరా పుట్టుకొచ్చాయి. కూచిపూడీ, క్షేత్రయ్య పుట్టిన మొవ్వా ఇరుగుపొరుగుగా ఉన్న నేల ఇది. వీళ్లకు సర్టిఫికెట్ అక్కర్లేదు, ఆడిషన్ లేదు. ముక్కోటి ఏకాదశి ఏ తారీఖున వచ్చిందో చూసుకుంటారు, అంతే.

నా మటుకు నాకు, పట్నంలో ఆన్‌లైన్ పాఠాలు చెప్పించుకునే పెద్ద విద్యార్థులకు తక్కువపడుతున్నది ఇదే అనిపిస్తుంది. అటు కచేరీకీ, ఇటు గదిలో ఒంటరి సాధనకూ మధ్యలో ఉండాల్సిన చోటు. ఆరుగురు కలిసి నెలకోసారి ఎవరింట్లోనో కూర్చుని, తలా ఒక కీర్తన పాడుకుని, ఉప్మా తిని వచ్చే ఏర్పాటు. బెజవాడలో అక్కడక్కడా మొదలైంది. అలాంటి ఒక బృందంలో నియమం ఒకటే: పాడకుండా వచ్చినవాళ్లు వచ్చే నెల ఉప్మా చేయాలి. ఇప్పటిదాకా ఉప్మా చేసింది ఎక్కువగా మగవాళ్లేనట.

పామర్రు దగ్గర ఒక ఊళ్లో, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఒకాయన సెకండ్‌హ్యాండ్ హార్మోనియం కొన్నారు. ముక్కోటి భజనకు తనే వాయించాలని పట్టుదల. ఎడంచేత్తో తిత్తి, కుడిచేత్తో మెట్లు, చూడకుండా వాయించడం వచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. వచ్చిందనుకున్న రోజు పెట్టె మోసుకుని రామాలయానికి వెళ్లారు. భజన నడిపించే కుర్రాడు రెండు పాటలు విని, "హార్మోనియం సంగతి తర్వాత చూద్దాం బాబాయ్, ముందు ఈ తాళాలు పట్టుకోండి. గోవిందనామాలు దౌడు తీస్తే మీ లెక్క నిలవట్లేదు" అన్నాడు. బాబాయిగారు రోషపడి ఇంటికెళ్లారు గానీ, తాళాలు మాత్రం వెంట తీసుకెళ్లారు. ముక్కోటికి తాళాలే వాయించారు. ఇప్పుడు శివరాత్రికి గడువు పెట్టుకున్నారు. రామాలయంలో శివరాత్రికి భజనేమిటండీ అంటే, పక్క ఊరి శివాలయం వాళ్లతో కూడా మాట్లాడి ఉంచారట.